చెరువు గట్టు కాపలాకు పాతకాలపు రివాల్వర్ పనికిరాదు

సంపాదకులకు,

అయ్యా,

రొయ్య పట్టుబడికి వచ్చే చివరి వారం పది రోజులు చెరువు రైతుకు కంటి మీద కునుకుండదు. లక్షల రూపాయల సరుకు నీళ్లలో ఉంటుంది. గట్టు మీద మాత్రం ఒక్క కావలివాడు, ఒక టార్చి, ఒక కర్ర. ఆ భయాన్ని ఎవరూ తక్కువ చేసి చూడకూడదు. అయితే ఆ భయంలోంచే భీమవరం, ఉండి, ఆకివీడు, కాళ్ల వైపు ఈ మధ్య ఒక మాట పుట్టింది. మందూ గుండూ విడివిడిగా దట్టించి, వెనక దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న రాగి టోపీ పెట్టి పేల్చే పాతకాలపు నమూనా రివాల్వర్ ఒకటి నడుముకు ఉంటే చాలట. అది పురాతన వస్తువు లెక్కలోకి వస్తుంది కాబట్టి లైసెన్సు అక్కర్లేదట. ఫోన్లో అమెరికా వీడియోలు చూసి చెప్పుకుంటున్న మాట ఇది. ఇందులో సగం మన చట్టానికి నిలవదు, మిగతా సగం మన గాలికి నిలవదు. తుపాకుల మరమ్మతు తెలిసినవాళ్లుగా ఈ రెండూ విప్పి చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

ముందు చట్టం. అమెరికాలో 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం 1898లోగానీ అంతకు ముందుగానీ తయారైన తుపాకులను, తూటా (మందూ గుండూ ఒకే గొట్టంలో బిగించినది) వాడని వాటి నకళ్లను కేంద్ర ప్రభుత్వ (ఫెడరల్) నిబంధనల నుంచి చాలావరకు తప్పించింది. పోలెండులోనూ 1885కు ముందటి విడి మందు నమూనాలకు ఇలాంటి సడలింపు ఉంది. వీడియోల్లో వినబడేది ఆ దేశాల సంగతే. ఈ నకళ్లు ఎక్కువగా తయారయ్యే ఇటలీలో కూడా ఒకే గుండు పేలే వాటికే సడలింపు, ఆరు గుండ్లకు ఆరు గదులున్న రివాల్వర్‌కు లేదు. ఇక మన 1959 ఆయుధాల చట్టం ప్రకారం, పేలుడు పదార్థం బలంతో గానీ మరో రకం శక్తితో గానీ గుండును విసిరేలా తయారైనదేదైనా తుపాకీయే. తూటాతో పేలుతుందా, విడి మందుతో పేలుతుందా అన్న తేడా అక్కడ లేదు. పురాతన వస్తువుల మినహాయింపు 45వ సెక్షన్లో ఉన్నమాట నిజమే, కానీ ఆ వాక్యాన్ని చివరిదాకా చదవాలి. వాడుక పోయిన నమూనా అయినా, పురావస్తు విలువ ఉన్నదైనా, చెడిపోయినదైనా, బాగుచేయించినా సరే తుపాకీగా పనికిరాని స్థితిలో ఉంటేనే ఆ మినహాయింపు. ఆత్మరక్షణకు కొనేవాడు పేలేదే కొంటాడు కదా! పేలిందంటే మినహాయింపు పోయినట్టే.

లైసెన్సు లేని తుపాకీ దగ్గర ఉంటే 2019 సవరణ తర్వాత కనీసం 2 ఏళ్లు, గరిష్ఠంగా 5 ఏళ్లు జైలు, ఆపైన జరిమానా. లైసెన్సు లేకుండా తయారుచేసినా, అమ్మినా 7 ఏళ్ల నుంచి యావజ్జీవం దాకా. లేత్ షాపుకు వెళ్లి "మనకొక్కటి తిప్పిపెట్టు బాబాయ్" అని అడిగేవారు ఆ రెండో అంకెను గుర్తుపెట్టుకోవాలి. ఆ షాపువాడికీ పెళ్లాం పిల్లలు ఉంటారు.

చట్టాన్ని కాసేపు పక్కన పెట్టి వస్తువునే చూద్దాం. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852 ప్రాంతంలో ఈ రివాల్వర్ లోకంలోనే కొత్త సరుకు. 1851 నాటి కోల్ట్ నేవీ గొట్టం 0.36 అంగుళం, ఆ తర్వాతి రెమింగ్టన్ ఆర్మీది 0.44 అంగుళం. ఏదైనా 1,200 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది, పొడవు జానా బెత్తెడు. లుంగీ మడతలో దోపుకుని గట్లెక్కి దిగే వస్తువు కాదు. అప్పట్లోనూ గుర్రపు రౌతులు దీన్ని తోలు ఒరలో పెట్టుకునేవారు, కొందరు జీనుకే కట్టుకునేవారు.

దీన్ని నింపే పద్ధతి తెలిస్తే సగం భ్రమ పోతుంది. 0.44 రివాల్వర్‌లో ఒక్కో గదికి కొలిచిన తుపాకి మందు 30 గ్రెయిన్లు, అంటే సుమారు 2 గ్రాములు. దాని మీద మెత్తటి సీసపు గుండు, సుమారు 9 గ్రాములు. గుండు గది కన్నా ఒక వెంట్రుకవాసి లావుండాలి. గొట్టం కింది మీటతో అదిమినప్పుడు గది అంచు గుండును చెక్కి, కత్తిరించిన గోరు ముక్కలాంటి సన్నటి సీసపు చుట్టు ఒకటి రాలాలి. ఆ చుట్టు నిండుగా రాలితేనే గుండు గదిని బిగువుగా మూసిందని లెక్క. రాలకపోయినా, సగమే రాలినా ఆ గది నమ్మకం కాదు. గుండు మీద కొవ్వు పూత. చివరికి వెనక ఉన్న చిన్న ముక్కు మీద రాగి టోపీ. ఇలా ఆరు సార్లు. పగటి వెలుగులో, బల్ల మీద, చేయి తిరిగినవాడికి కూడా మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. చీకట్లో, వణికే చేతులతో, కందిగింజంత టోపీని వేళ్లతో పట్టి ముక్కు మీద పెట్టడం జరిగే పని కాదు. కాబట్టి నింపి ఉన్నన్ని దెబ్బలే లెక్క. అవీ ఆరు కావు. పాత కోల్ట్ నమూనాను ఒరలో పెట్టుకోవాలంటే ఒక గది ఖాళీగా వదిలి, టోపీని కొట్టి పేల్చే హేమర్‌ను ఆ ఖాళీ గది మీదే దించి ఉంచాలి. పాతవాళ్లు గుర్రం అనే ఆ హేమర్ టోపీ మీద ఆని ఉండగా రివాల్వర్ చేజారి సిమెంటు తూము మీద పడితే గుండు ఎటు పోతుందో చెప్పలేం. రెమింగ్టన్‌లో గదుల మధ్య హేమర్ ఆనడానికి గాడులున్నాయి, అంతవరకు అది మెరుగు. చౌక నకళ్లలో ఆ గాడులు లోతుగా ఉంటాయన్న నమ్మకం లేదు.

ఇప్పుడు మన తేమ. వాదన అంతా ఇక్కడే తేలిపోతుంది, కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

టోపీ ముక్కు మీద బిగుతుగా కూర్చున్నా గాలి చొరబడనంత బిగుతు కాదు. ముక్కు మధ్యలో సూది దూరే కన్నం ఉంటుంది, మంట మందుకు చేరే దారి అదే. మంట వెళ్లే దారిలో తేమ కూడా వెళుతుంది. కార్తీకం నుంచి మాఘం దాకా మన గట్ల మీద తెల్లవారుజామున మంచు ఎలా కురుస్తుందో చెప్పక్కర్లేదు. వానాకాలంలో గాలే నీళ్లు ఓడుతుంది. వీటికి తోడు చెరువు నీటికి గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా చిమ్మే తుంపర, నడుము చెమట. తుపాకి మందులోని బొగ్గు తేమను పీల్చుకుంటుంది, తేమ సోకిన మందు గింజల బలం చస్తుంది. బయటికి టోపీ బాగానే కనబడుతుంది, గుండు బాగానే కనబడుతుంది. లోపల ఏమైందో పేల్చేదాకా ఎవరికీ తెలియదు. తూటాలో ఇత్తడి గొట్టమో ప్లాస్టిక్ గొట్టమో మందును మూసి ఉంచుతుంది. ఇందులో ఆ కవచమే లేదు.

అప్పుడు మూడు రకాలుగా చెడుతుంది. టోపీ టప్పుమని పేలి మందు అంటుకోకపోవడం మొదటిది. రెండోది, టోపీ పేలాక అర క్షణమో క్షణమో ఆగి గుండు వెళ్లడం. పేలలేదనుకుని మూతి పక్కకు తిప్పేలోపు పేలుతుంది, పక్కనున్నవాడికి తగులుతుంది. అందుకే పేలని రివాల్వర్‌ను కనీసం ఒక నిమిషం సురక్షితమైన వైపు పట్టి ఉంచాలన్న నియమం ఉంది. దొంగ ఎదురుగా ఉంటే ఆ నిమిషం ఎవరిస్తారు? మూడోది అన్నిటికన్నా ప్రమాదం. మందు సగం బలంతో మండి గుండు గొట్టం మధ్యలో ఇరుక్కుపోతుంది. చీకట్లో అది తెలియక రెండో దెబ్బ వేస్తే గొట్టం ఉబ్బుతుంది, లేదా చీలుతుంది.

వేసవిలో మరో కథ. గుండు మీద పూసే కొవ్వు మే నెల ఎండకు కరిగి ఒరలోకి కారుతుంది. బిగువు చాలని గదిలో అదే కొవ్వు గుండు పక్కనుంచి దిగి మందునే తడుపుతుంది. కొవ్వులో మైనం ఎక్కువ కలిపితే కరగదు నిజమే, అప్పుడు మంచు కాలంలో గట్టిపడి రాలిపోతుంది. అందుకే వీటిని రోజూ నడుముకు పెట్టుకున్న కాలంలో జాగ్రత్తపరులు నింపిన మందును పాతబడనిచ్చేవారు కాదు, పేల్చేసి, కడిగి, మళ్లీ నింపుకునేవారు. మన గట్ల మీద రోజూ పొద్దున్నే ఐదు దెబ్బలు పేల్చగలమా?

పేల్చాక కడగకుండా వదిలేస్తే ఇంకో నష్టం. తుపాకి మందు కాలితే బరువులో సగానికి పైగా పొగగానూ మసిగానూ మిగులుతుంది, పూర్తిగా ఆవిరైపోదు. ఆ మసి ఉప్పులాంటిది, గాలిలో తేమను లాక్కుని చెమ్మగిల్లుతుంది. అంతర్వేది, ఓడలరేవు, నరసాపురం వైపు సముద్రపు గాలికి సాయంత్రం పేల్చిన గొట్టంలో తెల్లారేసరికి కాషాయం పొర తేలుతుంది. దానికి విరుగుడు వేడినీళ్లు, సబ్బు. కుళ్లిన గుడ్డు వాసనతో నల్లటి నీళ్లు దిగుతాయి, తెల్లటి నీళ్లు వచ్చేదాకా కడగాలి. టోపీ ముక్కులు ఆరూ విప్పి వేరుగా కడగాలి, ఆరబెట్టాలి, నూనె పూయాలి. గదుల్లో మిగిలిన నూనెను మళ్లీ నింపే ముందు తుడవాలి, లేదంటే ఆ నూనే మందును పాడుచేస్తుంది. ఇంత చాకిరీ సరదాకు గురి కొట్టుకునేవాడు ఇష్టంగా చేస్తాడు. రాత్రంతా ఆక్సిజన్ చూసుకుంటూ, మేత తట్టలు ఎత్తి చూసే కావలివాడి చేత చేయించగలమా?

మందు పొడిగా ఉన్నా టోపీ తగువు పెడుతుంది. పేలిన రాగి టోపీ విచ్చిన మల్లెమొగ్గలా నాలుగు రేకులుగా చీలుతుంది. మళ్లీ హేమర్ ఎత్తినప్పుడు ఆ రేకుల్లో ఒకటి వెనకబడి హేమర్ గాడిలోకి జారుతుంది. గదుల పైన ఇనుప పట్టీ లేని కోల్ట్ నమూనాల్లో ఇది మామూలే. గోటి అంచంత రాగిరేకు గాడిలో పడితే హేమర్ పూర్తిగా కిందికి దిగదు, తర్వాతి టోపీకి దెబ్బ తగలదు. గదులన్నీ ఉండి తిరిగే సిలిండర్ వెనక చేరితే అది తిరగనే తిరగదు. ముక్క తియ్యాలంటే వెలుతురు కావాలి, సన్నటి పుల్ల కావాలి. మూతి ఆకాశం వైపు ఎత్తి హేమర్ లాగితే ముక్క వెనక్కి రాలిపోతుందన్న ఉపాయం ఉంది, అది అన్నిసార్లూ పనిచేయదు. పైగా ప్రతి దెబ్బకూ బొటనవేలితో హేమర్ ఎత్తాల్సిన తుపాకీ ఇది, ట్రిగ్గర్ నొక్కుతూ పోతే పేలదు.

గుండు వదులుగా ఉన్నా, టోపీ వదులుగా ఉన్నా ఒక గది మంట పక్క గదికి అంటుకుని రెండు మూడు గదులు ఒక్కసారే పేలడం కూడా ఉంది. గొట్టానికి ఎదురుగా లేని గదుల్లోంచి వచ్చే గుండ్లకు దారి ఉండదు, గొట్టం పక్కల నుంచి దూసుకుపోతాయి, అక్కడ చేయి ఉంటే దానికే తగులుతాయి.

పేలిందే అనుకుందాం. రాత్రి ఈ మందు మూతి దగ్గర మూరెడు మంట కక్కుతుంది, పేల్చినవాడికే కాసేపు కళ్లు కనబడవు. తెల్లటి పొగ గాలి లేని మంచు రాత్రిలో కదలదు, ఎదుట ఎవరున్నారో, పరిగెత్తారో పడిపోయారో తెలియదు. కాలే నుసి నిప్పురవ్వల్లా ఎగురుతుంది. మన గట్ల మీద కావలి పాక తాటాకుదో కొబ్బరాకుదో. పక్క చేలో గడ్డివాము. ఇక చెప్పేదేముంది! కోల్ట్ నమూనాకు వెనక గురి అంటూ వేరే లేదు, హేమర్ మీదున్న చిన్న గాటే గురి. దాన్ని దూరపు గురికి పెట్టి తయారుచేశారు. ఇరవై ముప్పై అడుగుల్లో గుండు అనుకున్న చోటుకు పైన తగులుతుంది. కాళ్లకు కొట్టబోయి పొట్టకు కొట్టే ప్రమాదం ఇక్కడే ఉంది. ఈ గుండు ప్రాణం తీయలేదని ఎవరూ అనుకోవద్దు. దగ్గర్లో కచ్చితంగా తీస్తుంది, కానీ మనం కోరిన క్షణంలో పేలుతుందన్న భరోసా లేదు.

ప్రాణం పోయాక ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లలో ఉంది. అవసరానికి మించి హాని చేయకూడదని, అధికారులను ఆశ్రయించే వ్యవధి ఉంటే ఈ హక్కు వర్తించదని 37వ సెక్షన్ చెబుతుంది. ఆస్తి కోసం ప్రాణం తీయడానికి 41వ సెక్షన్ ఒప్పుకునేది కొన్ని సందర్భాల్లోనే: దోపిడీ, రాత్రిపూట ఇల్లు పగలగొట్టి చొరబడటం, మనుషులుండే చోటికి నిప్పు పెట్టడం, ప్రాణభయం కలిగించే దొంగతనం లాంటివి. వలతో రొయ్య పట్టుకుని పరిగెడుతున్నవాడి వీపున కాల్చడం ఇందులోకి రాదు. లైసెన్సు లేని తుపాకీతో కాల్చితే, కేసులో ఆత్మరక్షణ నిరూపించుకున్నా ఆయుధాల కేసు విడిగా నిలుస్తుంది.

ఒక హెచ్చరిక ఇంకా ముఖ్యం. కొంగల్ని తోలడానికి చాలా గట్ల మీద టపాకాయలు ఉంటాయి. వాటిని విప్పి ఆ మందును తుపాకీలో పోస్తే బలం ఎక్కువ వస్తుందని చెప్పేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. టపాకాయ మందు మండే వేగం వేరు, అది గుండును తోయకముందే సిలిండర్‌ను ముక్కలు చేస్తుంది. 12 బోరు (నున్నటి గొట్టపు తుపాకీ) తూటా విప్పి అందులోని పొగ రాని మందును పాతకాలపు కొలతకు పోసినా అంతే. నాటుగా తిప్పించిన వాటిలో ఈ ప్రమాదం రెట్టింపు. ఇనుప గొట్టం ముక్కకు పక్కన అతుకు ఉంటుంది, చీలిక అక్కడే మొదలవుతుంది. సిలిండర్‌ను ఆపే చీల మెత్తటి ఇనుముదైతే పది దెబ్బలకు గాడి అరిగి గదికీ గొట్టానికీ తిన్ననితనం పోతుంది. అప్పుడు గుండు అంచు చెక్కుకుపోయి సీసం పక్కలకు చిమ్ముతుంది. పక్కన నిలబడ్డవాడి కళ్లు జాగ్రత్త.

మరి రైతు ఏం చేయాలి? నిజంగా ప్రాణభయం ఉంటే కలెక్టరు దగ్గర లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకునే దారి ఉంది. రక్షణ అవసరం రుజువైతే 20 అంగుళాలకు తగ్గని గొట్టమున్న నున్నటి గొట్టపు తుపాకీకి లైసెన్సు ఇవ్వడానికి ఆయుధాల చట్టం 13వ సెక్షన్ వీలిస్తుంది. పంట కాపలాకు మూతి నుంచి దట్టించే బారు తుపాకీకి కూడా అందులోనే వీలుంది, లంకల్లో పందుల బెడద ఉన్నవారు అది అడగవచ్చు. రెండిటికీ లైసెన్సు తప్పదు. 12 బోరు తూటా ప్లాస్టిక్ గొట్టంలో మూసి ఉంటుంది కాబట్టి మన మంచుకు తట్టుకుంటుంది. అయితే యజమాని తుపాకీని కావలివాడి చేతికిచ్చి ఇంటికెళ్లి పడుకుంటే అది నేరం, లైసెన్సులో అతని పేరు రిటైనర్‌గా, అంటే యజమాని తరఫున తుపాకీ పట్టే మనిషిగా, నమోదై ఉండాలి.

మా అనుభవంలో గట్టును కాపాడేది తుపాకీ కన్నా వెలుతురూ చప్పుడూ. తూము దగ్గర, దారి మొదట్లో మనిషి కదిలితే వెలిగే సోలార్ లైట్లు పెట్టండి. ఏరియేటర్ల కరెంటు పోతే బ్యాటరీ మీద మోగే అలారం పెట్టండి, అది దొంగ తీగ కోసినా మోగుతుంది, కరెంటు పోయినా మోగి రొయ్యను బతికిస్తుంది. ఒక్కడి కాపలా మాని, ఆనుకుని ఉన్న నాలుగు చెరువుల వాళ్లు కలిసి ఇద్దరిని తిప్పండి. రెండు ఊరకుక్కలకు గట్టు మీదే అన్నం పెట్టండి. కావలివాడి ఫోన్లో 112తో పాటు పక్క నాలుగు గట్ల నంబర్లు ఉండాలి. దొంగ కనబడగానే అతని పని ఎదురెళ్లడం కాదు, లైట్లన్నీ వేసి, సైరన్ మోగించి, పాక వదిలి వెనక్కి రావడం.

చివరిగా పాత దివాణాల వాళ్లకు, మండువా ఇళ్ల వాళ్లకు ఒక మాట. అటక మీద తాతల నాటి రివాల్వరో బారు తుపాకీయో దొరికితే దాన్ని నిండుగా ఉన్నట్టే భావించండి. తుపాకీ లోపల బిగిసి, పొడిగా ఉండిపోయిన మందు ఎన్ని దశాబ్దాల తర్వాతైనా పేలవచ్చు. హేమర్ ఎత్తి చూడకండి, ట్రిగ్గర్ ముట్టుకోకండి, తుప్పు వదిలించడానికి వేడిచేయకండి, సుత్తితో తట్టకండి. పిల్లల్ని బయటికి పంపి, మూతికి ఎదురుగా ఎవరూ వెళ్లకుండా చూసి, దాన్ని కదపకుండా వదిలేసి పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేయండి, వాళ్లు వచ్చేదాకా ఆ గది తలుపు వేసి ఉంచండి. ఉంచుకునే హక్కు పోయిన ఆయుధాన్ని ఆలస్యం లేకుండా స్టేషన్‌లోనో, లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో అప్పగించాలని ఆయుధాల చట్టం 21వ సెక్షన్ చెబుతుంది. అప్పగించినప్పుడు రసీదు తీసుకోండి, అందులో గొట్టం పొడవు, దాని మీద చెక్కిన అంకెలు, అచ్చులు రాయించండి. వారసత్వంగా లైసెన్సు కోరేవారికైనా, పనికిరాకుండా చేయించి జ్ఞాపకంగా ఉంచుకుంటామనేవారికైనా తర్వాత ఆ రసీదే ఆధారం.

ఇట్లు,
తుపాకుల మరమ్మతు వృత్తిలో ఉన్న పాఠకులు,
నరసాపురం